వాటర్‌జెట్‌తో ఎముకకు రంధ్రం: మెకానికల్ మానేయాలా?

ప్రశ్న: మాది నెల్లూరు. ఇరవై ఏళ్లుగా చెన్నై అంబత్తూరులో ఉంటున్నాం. నేను వాటర్‌జెట్ కటింగ్ షాపులో, అంటే ఎక్కువ ఒత్తిడి ఉన్న నీటి ధారతో కోతలు కోసే చోట, ఆపరేటర్‌ని. మా అబ్బాయి మెకానికల్ మూడో ఏడు. ఆపరేషన్లలో నీటి ధారతో ఎముకకు రంధ్రం పెట్టే పరిశోధన గురించి చదివాడట. మెకానికల్ వదిలేసి బయోమెడికల్‌లో మళ్లీ మొదటి నుంచి చేరతానంటున్నాడు. ఏం చెప్పమంటారు సార్?

జవాబు: మానొద్దని చెప్పండి. కానీ కోప్పడకండి, అతను పట్టుకున్న విషయం మంచిది.

మీ షాపులో దాదాపు 4000 బార్ల ఒత్తిడి, నీళ్లలో కోతకు కలిపే గార్నెట్ ఇసుక. ఎముకలో ఆ ఇసుక వదల్లేం కదా, వట్టి నీళ్లతోనే చేయాలి. దానికి వందల బార్లు చాలు. అసలు ఇంత తిప్పలెందుకంటే, డ్రిల్ బిట్ రాపిడికి ఎముక వేడెక్కుతుంది, మొద్దుబారిందైతే మరీను. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక దెబ్బతింటుందని 1983లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. నీటి ధారకు మొద్దుబారడం ఉండదు, ఆ వేడీ ఉండదు.

చిక్కంతా లోతు దగ్గరే. మటన్ కొట్టు నుంచి ఒక తొడ ఎముక తెచ్చి నిలువునా కోయించి చూడమనండి. నడుమ గొట్టం దట్టంగా ఉంటుంది. కీలు వైపు మాత్రం పైన పలచని పెంకు, లోపలంతా స్పాంజి. డ్రిల్ పట్టిన డాక్టరుకు పెంకు దాటగానే చేతికి తెలుస్తుంది. ధారకు ఆ స్పర్శ లేదు. అదే ఒత్తిడి, అదే నాజిల్, అయినా ఎముక మారితే లోతు మారిపోతుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్లు దీనిమీదే పనిచేశారు. ఇది ఫ్లూయిడ్ మెకానిక్స్, మెటీరియల్స్ లెక్క. అంటే మీ అబ్బాయి ఇప్పుడు చదువుతున్నవే!

ఒక మాట దాచకుండా చెప్పాలి. లివర్, ప్రోస్టేట్ ఆపరేషన్లలో నీటి ధార పరికరాలు ఇప్పటికే వాడుతున్నారు. ఎముక విషయం ఇంకా చాలావరకు ల్యాబుల్లోనే ఉంది, దాన్నే నమ్ముకుంటే ఉద్యోగం కష్టం. డిగ్రీ పూర్తిచేసి గేట్ రాయనివ్వండి. ఐఐటీ మద్రాస్, వేలూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీ చిత్ర కలిసి నడిపే క్లినికల్ ఇంజినీరింగ్ ఎంటెక్ చూడండి. అందులో ఆసుపత్రిలో, డాక్టర్ల పక్కనే నిలబడి నేర్చుకోవచ్చు. ఏ బ్రాంచి వాళ్లను తీసుకుంటారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి.

మీ మెషిన్ మీద ఎముక పెట్టి చూద్దామని అతనికి తప్పకుండా అనిపిస్తుంది. ఒప్పుకోకండి. ధార చర్మానికి తగిలితే పైన చిన్న చుక్కే కనబడుతుంది, లోపల కండ చితికిపోతుంది. మీకు తెలియంది కాదు. దానికి బదులు అరిగిన ఆరిఫైస్ (ధార బయటికొచ్చే సన్నని రంధ్రమున్న బిళ్ల) ఒకటి ఇంటికి పట్టుకెళ్లి, కొత్తదాని పక్కన పెట్టి, దీంట్లోంచి ధార ఎందుకు విచ్చుకుంటుందో చెప్పమనండి. ఈ విషయంలో అతనికంటే మీకే ఎక్కువ తెలుసు.