అరకు ఘాట్‌కు సైకిల్ మీద: మీ ప్రశ్నలు, మా జవాబులు

కార్తీకం వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం అరకు గురించే. వలిసె పూలు విచ్చే వేళకు పదిమందీ కలిసి సైకిళ్ళ మీద వెళ్దామనుకునేవాళ్ళు రాస్తారు. ఈసారి ఆ దారి మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మేం 14 మందిమి. వైజాగ్ నుంచి అరకు ఒక్క రోజులో చేరాలని ఉంది. ముగ్గురివి గేర్లు లేని నల్ల సైకిళ్ళు. వాళ్ళు ఎక్కగలరా, వ్యాన్‌లో రమ్మనమంటారా? (మధురవాడ)

జవాబు: దూరం 115 కిలోమీటర్లు, గంటకు 20 చొప్పున ఆరు గంటలు అని లెక్కేసుకుని బయల్దేరినవాళ్ళే మధ్యాహ్నానికి టైడా దగ్గర లారీ కోసం చెయ్యి ఊపుతుంటారు. నిజానికి ఇవి రెండు దారులు. పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట దాకా యాభై కిలోమీటర్లు ఇంచుమించు చదును. బొడ్డవర దాటాక ఘాట్. అక్కడి నుంచి టైడా, అనంతగిరి మీదుగా గాలికొండ దాకా సుమారు 30 కిలోమీటర్లు ఎక్కుడే. రైలే శిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. రోడ్డు గాలికొండ దగ్గర అంతకన్నా పైకి పోయి, తర్వాత సుంకరమెట్ట మీదుగా అరకులోకి దిగుతుంది.

ఈ 30 కిలోమీటర్లు గంటకు 7 చొప్పున ఎక్కితే నాలుగు గంటల పైమాటే. ఆగినవీ, నీళ్ళు తాగినవీ కలిపితే ఐదున్నర. డిసెంబరులో ఐదున్నరకల్లా పొద్దుగూకుతుంది కాబట్టి ఎనిమిదికల్లా ఎస్.కోట దాటి ఉండాలి. అంటే వైజాగ్‌లో నాలుగున్నరకు పెడలు మీద కాలు పెట్టాలి. అందరికీ అలవాటు లేని గుంపైతే ముందురోజు సాయంత్రమే ఎస్.కోట చేరి పడుకోండి. లారీల మధ్య చీకట్లో తొక్కే యాభై కిలోమీటర్ల వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

ఇక ఎక్కగలరా అన్నది. కాళ్ళకన్నా ముందు పళ్ళు లెక్కపెట్టండి. ముందు చైన్‌వీల్ పళ్ళను వెనక ఫ్రీవీల్ పళ్ళతో భాగించి, చక్రం చుట్టుకొలతతో గుణిస్తే పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు ఎన్ని మీటర్లు కదులుతుందో వస్తుంది. చిన్న గేరులో ముందు 24, వెనక 28 ఉన్న సైకిలు 1.8 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు ఆరున్నర కిలోమీటర్లు. హాయిగా ఎక్కుతుంది. నల్ల సైకిలుకు మామూలుగా ముందు 44, వెనక 18 ఉంటాయి. ఒక చుట్టుకు 5.4 మీటర్లు. మెల్లగా, నిమిషానికి 40 చుట్లే తొక్కినా వేగం 13 కిలోమీటర్లు. ఎక్కుట్లో ఆ వేగం గంటల తరబడి నిలవదు. చుట్లు ఇంకా తగ్గిస్తే బరువంతా మోకాలి మీద పడుతుంది.

కాబట్టి ఆ ముగ్గురూ వెనక ఫ్రీవీల్‌ను 22 పళ్ళదానికి మార్పించుకోవాలి. చైను పొట్టిదవుతుంది, ఒక జత లింకులు కలపాల్సి రావచ్చు. అప్పుడు ఒక చుట్టుకు 4.4 మీటర్లు. అయినా నిటారు మలుపుల్లో దిగి నడిపించుకోవాల్సిందే. అందులో చిన్నతనమేమీ లేదు. దిగి నడిచినవాడు గంటకు నాలుగు కిలోమీటర్లు నడుస్తాడు. పళ్ళు బిగబట్టి తొక్కినవాడు ఐదు తొక్కి, పది నిమిషాలు రాయి మీద కూర్చుంటాడు.

ప్రశ్న: మాలో ఇద్దరు చాలా వేగం, నలుగురు బాగా నిదానం. కలిసే వెళ్ళాలని పట్టు. ఘాట్‌లో గుంపు చెదరకుండా ఎలా? (విజయనగరం)

జవాబు: ఘాట్‌లో గుంపు చెదరాలి. ఎవరి గేరుకు వాళ్ళ వేగం ఉంటుంది. నిదానంగా తొక్కేవాడి వెనక వేగంగా తొక్కేవాణ్ణి కట్టేస్తే ఇద్దరూ అలిసిపోతారు. చెదరనివ్వండి కానీ ఎక్కడ కలుసుకోవాలో బయల్దేరకముందే చెప్పుకోండి. టైడా ఒకటి, అనంతగిరి రెండు, గాలికొండ వ్యూపాయింటు మూడు. ఫోన్ సిగ్నల్ మధ్యమధ్య పోతుంది, దాన్ని నమ్ముకోవద్దు. “చివరి మనిషి వచ్చేదాకా కదలకూడదు” అన్న ఒక్క నియమం చాలు. దానికి ఇంకొకటి జోడించండి: చివరి మనిషి వచ్చాక పది నిమిషాలు ఆగి కదలాలి. వేగం వాళ్ళు అరగంట సేదతీరి, ఆఖరివాడు రాగానే “పదండి” అంటే అతనికి ఆ రోజంతా విశ్రాంతే దొరకదు. గుంపుల్లో గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

మీలో బాగా తొక్కే ఇద్దరిలో ఒకరు తోకన ఉండాలి. పంపు, పనిముట్లు, మందుల సంచి ఆ మనిషి దగ్గరే. ముందున్నవాళ్ళ దగ్గర పనిముట్లుంటే వెనక పంచరైనవాడికి అవి అందవు.

చదునులో మాత్రం కలిసే తొక్కండి, ఒకరి వెనక ఒకరు. మీ ముందు చక్రం ముందువాడి వెనక చక్రం పక్కకు చేరకూడదు. అతను గుంత తప్పించడానికి జానెడు పక్కకు జరిగితే మీ చక్రం తగిలి పడేది మీరే, అతను కాదు. గుంత కనబడితే వేలు చూపించి, నోటితో కూడా చెప్పాలి. ఘాట్‌లో ఆగాల్సి వస్తే మలుపు లోపలి అంచున ఎప్పుడూ ఆగొద్దు. పైనుంచి దిగే బస్సు డ్రైవరుకు మీరు కనబడేసరికి బ్రేకు వేసే జాగా ఉండదు.

ప్రశ్న: కిందటిసారి కొత్తవలస దాటేలోపు ఒకే చక్రానికి మూడు పంచర్లు. ట్యూబు కొత్తదే. ఎందుకిలా? పైగా పంచర్ షాపులో గాలి కొట్టలేమన్నారు. (అనకాపల్లి)

జవాబు: ట్యూబు మార్చారు, టైరు వెతకలేదు. లారీ టైర్లు పేలినప్పుడు సన్న ఉక్కు తీగ ముక్కలు రోడ్డంతా పడతాయి. వెంట్రుకకన్నా కొంచెం లావు, అంతే. టైరులో దిగి, మూడు నాలుగు మిల్లీమీటర్లు లోపలికి పొడుచుకు వస్తుంది. చూస్తే కనబడదు, వేలితో తడిమితే వేలికే గుచ్చుకుంటుంది. దూది ముక్కతో టైరు లోపల ఒక చుట్టు తుడవండి. తీగ ఉన్నచోట దూది పోగులు చిక్కుకుంటాయి. గోళ్ళు కత్తిరించే కటరుతోనో, పట్టకారుతోనో బయటి నుంచి లాగెయ్యండి.

ట్యూబు మీది రంధ్రమే చాలా చెబుతుంది. పక్కపక్కన రెండు గాట్లుంటే గాలి తక్కువై, గుంతలో రిమ్ము ట్యూబును కొరికిందని. రంధ్రం స్పోకుల వైపు ఉంటే, రిమ్ములో స్పోకు రంధ్రాలను కప్పే రిమ్ టేపు జరిగిందని. వాల్వ్ మొదట్లో చిరిగితే పంపు ఊపి ఊపి కొట్టినందుకు. గాలి ఎంతంటే: 28 మిల్లీమీటర్ల టైరుకు 80 పీఎస్‌ఐ, 35 దానికి 55, రెండంగుళాల లావు టైరుకు 40. మీ బరువు 80 కిలోలు దాటితే ఐదేసి కలపండి, టైరు పక్కన అచ్చేసిన గరిష్ఠం మాత్రం దాటొద్దు.

షాపులో కుదరకపోవడానికి కారణం మీ ట్యూబుది సన్నటి ప్రెస్టా వాల్వ్ కావడం. కంప్రెసర్ మోటార్‌సైకిలు లావు వాల్వ్‌కే పడుతుంది. ఇత్తడి అడాప్టర్ ఒకటి కొని వాల్వ్‌కే బిగించి ఉంచండి. జేబులో పెట్టుకుంటే పోతుంది. మనిషికి రెండు ట్యూబులు, గుంపుకు రెండు పంపులు, చైను లింకులు విప్పే చైన్ టూలు ఒకటి, గేరు సైకిలుకు దాని మోడల్‌దే హ్యాంగర్ (వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) ఒకటి ఉంచుకోవాలి. హ్యాంగర్లు ఒకదానిది ఇంకోదానికి పట్టవు. ప్యాచ్ వేసేటప్పుడు సొల్యూషన్ పూసి, వేలికి అంటనంతగా ఆరాకే అతికించండి. తడి మీద అతికించిన ప్యాచ్ అర కిలోమీటరులో లేస్తుంది.

ప్రశ్న: రెండో రోజు అరకు నుంచి దిగుతుంటే బ్రేకు లీవరు హ్యాండిలుకు ఆనిపోయింది. కేబుల్ డిస్క్ బ్రేకు. ముందురోజే బిగించాను. (శ్రీకాకుళం)

జవాబు: కేబులే బిగించి ఉంటారు. మామూలు కేబుల్ డిస్క్ బ్రేకులో బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది. అది డిస్క్‌ను వంచి, కదలని లోపలి ప్యాడ్‌కు ఆనిస్తుంది. రెండూ అరిగినకొద్దీ ఆ వంపు పెరుగుతుంది. కేబుల్ ఎంత లాగినా బయటి ప్యాడే ముందుకు వస్తుంది తప్ప లోపలిది జరగదు. స్పోకుల వైపు నుంచి చూస్తే క్యాలిపర్ (ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) మీద చిన్న స్క్రూ లేదా గుబ్బ కనబడుతుంది. చక్రం తిప్పుతూ దాన్ని కొద్దికొద్దిగా బిగించండి. ప్యాడ్ డిస్క్‌కు రాసుకుని సన్నగా ‘స్‌స్’ మనగానే ఆపి, పావు చుట్టు వెనక్కి తిప్పండి. ఆ తర్వాతే లీవరు దగ్గర కేబుల్ సంగతి. ప్యాడ్‌లో లోహపు పలక కాక, రాసుకునే పదార్థం ఒక మిల్లీమీటరు కూడా లేకపోతే సర్దుబాటు మాటెత్తకండి. మార్చేయండి.

దిగేటప్పుడు బ్రేకులు పట్టుకునే కూర్చోవద్దు. మలుపుకు ముందు రెండూ గట్టిగా వేసి, వేగం తగ్గించి, మలుపులో వదిలెయ్యాలి. రిమ్ బ్రేకు సైకిళ్ళకు ఇది మరీ ముఖ్యం. ఆపకుండా పట్టుకుంటే రిమ్ము కాలి, లోపల ట్యూబే పేలొచ్చు. ఐదు కిలోమీటర్లకోసారి ఆగి చల్లారనివ్వండి. చల్లారిందా అని డిస్క్ మీద వేలు పెట్టి చూసే పెద్దమనుషులుంటారు. వేలు కాలుతుంది.

ప్రశ్న: ఘాట్‌లో ఏం తినాలి? (రాజమండ్రి)

జవాబు: ఎస్.కోటలో ఇడ్లీ, ఉప్మా. పూరీ వద్దు, నూనె అరగడానికి పట్టే సమయమే మీరు ఎక్కే సమయం. దారిలో ఆకలి వేయకముందే ముప్పావు గంటకో అరటిపండు గానీ నాలుగైదు ఖర్జూరాలు గానీ తినండి. వేరుశనగ చిక్కీ మంచిదే కానీ నెమ్మదిగా అరుగుతుంది, నిటారు ఎక్కుడు ముందు వద్దు. నీళ్ళు గంటకు అర లీటరు నుంచి ముప్పావు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరే. సగం నీళ్ళలో కలిపితే చిక్కబడి, కడుపులో తిప్పుతుంది. బొంగు చికెన్ అరకులో దిగాక తినండి.

ప్రశ్న: జనవరిలో వెళ్తే పొగమంచు ఇబ్బందా? (కాకినాడ)

జవాబు: ఎక్కేటప్పుడు పెద్దగా కాదు. తిరుగు రోజు ఇబ్బంది. రాత్రి చల్లగాలి లోయలో పేరుకుని, పొద్దున్నే అరకు చుట్టూ మంచు దట్టంగా ఉంటుంది. ఎండ తగిలి విచ్చేదాకా, అంటే దాదాపు తొమ్మిదిదాకా, కాఫీ తాగుతూ కూర్చోండి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగాలి. వలిసె పూలకోసమైతే జనవరి ఆలస్యమే, నవంబరు చివరో డిసెంబరో చూసుకోండి. శని, ఆదివారాలు మాత్రం వద్దు. ఘాట్ అంతా కార్లే.

ప్రశ్న: మేం ఆరుగురం హైదరాబాద్ నుంచి రైల్లో సైకిళ్ళు తెచ్చుకోవాలి. ఎలా? (కూకట్‌పల్లి)

జవాబు: టికెట్ చూపించి పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేస్తే సైకిలు మీ రైలు బ్రేక్‌వ్యాన్‌లోనే (సామాన్ల పెట్టె) వస్తుంది, అందులో జాగా ఉంటే. ఆరు సైకిళ్ళంటే తక్కువేం కాదు. రైలు వేళకు రెండు మూడు గంటల ముందే వెళ్ళండి, ముందురోజు వెళ్ళి జాగా సంగతి అడిగితే ఇంకా మేలు.

పెడళ్ళు విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి కట్టండి. ఎడమ పెడలు మర ఎదురు మర. అది తెలియక బిగించుకుపోయేవాళ్ళే ఎక్కువ. 15 నంబరు స్పానర్‌ను పైకి నిలబెట్టి పట్టుకుని, సైకిలు వెనక చక్రం వైపు లాగితే రెండు పెడళ్ళూ ఊడతాయి. గేరు సైకిలైతే వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం మీదికి చైను వేసి, ఆ వైపు అట్టముక్క కట్టండి. బస్తాల కింద పడితే ముందు వంగేది హ్యాంగరే. డిస్క్ బ్రేకు సైకిలు చక్రం విప్పితే ప్యాడ్ల మధ్య మందపాటి అట్ట దూర్చండి. ఆయిల్ బ్రేకులైతే చక్రం లేకుండా ఎవరో సరదాకు లీవరు ఒక్కసారి నొక్కినా ప్యాడ్లు అతుక్కుపోతాయి. పేరు, ఫోన్ నంబరు, దిగే స్టేషను రాసిన చీటీలు రెండు: ఒకటి ఫ్రేముకు, ఒకటి హ్యాండిలుకు. రసీదులు ఆరూ ఒకరి దగ్గరే ఉంచకండి, ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండాలి. దిగాక అది చూపిస్తేనే సైకిలు చేతికిస్తారు.