పాత థండర్‌బర్డ్ కొన్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వు కొన్న బండి ఫొటోలు మీ అమ్మ పంపింది. 2013 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350, ట్యాంకు పక్కన చిన్న సొట్ట తప్ప చూడ్డానికి నిండుగా ఉంది. దసరాకి హైదరాబాద్ నుంచి మారేడుమిల్లి మీదుగా రాజమండ్రి దాకా దాని మీదే వస్తానన్నావట. తప్పకుండా రా. "ఇంత పాత బండి మీద అంత దూరమా, అమ్మేసి కొత్తది కొనమని చెప్పరా" అని మీ అమ్మ నా మీద పెట్టింది. ఫోన్లో చెప్పి ఊరుకునే విషయం కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజిన్‌కి భయపడి ఈ బండిని వదిలించుకోవద్దు. ఇంజిన్ ఎన్నిసార్లయినా బాగుచేయించుకోవచ్చు. మార్చాల్సిన రోజు వస్తే అది బ్రేకుల వల్లో, నీ నడుం వల్లో రావాలి.

కాగితాలతో మొదలుపెట్టు. పేరు మార్పుకి కావలసిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకున్నావు కదా, వాటిని బీరువాలో దాచకు. కొన్న 30 రోజుల్లోపు నీ పేరున మార్పించుకోవాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ తాలూకు హైపోథికేషన్, అంటే అప్పిచ్చినవాళ్ల తాకట్టు నమోదు, రద్దయిందో లేదో చూడు. అది మిగిలిపోతే రేపు నువ్వు అమ్మేటప్పుడు తలనొప్పి. 2013 బండి కాబట్టి 2028లో పదిహేనేళ్లు నిండుతాయి. ఆ తర్వాత ఫారం 25తో రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి, ఆర్టీఏ వాళ్లకి బండి చూపించాలి. అయిదేళ్లకోసారి ఇదే తంతు. గడువు చివరిదాకా ఆగకుండా కొన్ని నెలల ముందే లైట్లు, హారన్, సైలెన్సర్ సరిచేయించి పెట్టుకో. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకుంటానంటే సరే, ఈ వయసు బండికి అది చాలు. నీ మీద ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ మాత్రం వదలకు.

ఇక ఇంజిన్. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో ఇంజిన్‌కి ఒక ఆయిల్, క్లచ్ వైపు ఇంకొకటి, గేర్‌బాక్స్‌కి మరొకటి పోసేవాళ్లం. నీ బండిలో మూడూ ఒకే గదిలో ఉంటాయి, ఒకటే ఆయిల్ మూడింటికీ పనిచేస్తుంది. క్లచ్ ప్లేట్లు కూడా అందులోనే మునిగి తిరుగుతాయి కాబట్టి కారుకి వాడే ఆయిల్ పోయకూడదు. అందులో జారుడు పెంచే మందులుంటాయి, క్లచ్ పట్టు తప్పుతుంది. డబ్బా మీద చిక్కదనం గుర్తు 15డబ్ల్యూ50 అని, ఇలాంటి తడి క్లచ్‌కి పనికొస్తుందని చెప్పే గుర్తు జాసో ఎంఏ2 అని ఉండాలి. ఆయిల్‌తోపాటు ఫిల్టర్ కూడా మార్పించు. మన ఎండలకి అయిదు వేల కిలోమీటర్లు దాటనివ్వకు. కుడివైపు గాజు కిటికీలోంచి ఆయిల్ మట్టం కనిపిస్తుంది. ఇంజిన్ వేడెక్కాక ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, బండిని నిటారుగా నిలబెట్టి చూడు. సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది.

ఈ ఇంజిన్‌లో వాల్వులని కదిలించే టాపెట్లు హైడ్రాలిక్‌వి, ఆయిల్ ఒత్తిడితో వాటంతటవే సర్దుకుంటాయి. పాత బుల్లెట్‌కి లాగా టాపెట్ బిగించాల్సిన పని లేదు. "టాపెట్ సెట్ చేశాను" అని ఎవరైనా డబ్బులడిగితే ఆ షెడ్డుకి మళ్లీ వెళ్లకు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు టిక్కు టిక్కుమని, ఆయిల్ పైకెక్కగానే ఆగిపోతే భయం లేదు. వేడెక్కాక కూడా ఆగకపోతే ఆయిల్ తక్కువైనా ఉండాలి, పాడైనా ఉండాలి, లేదంటే టాపెట్ అరిగుండాలి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే రింగులో, వాల్వ్ సీళ్లో అయిపోయాయని. బోరు చేయించి, కొత్త పిస్టన్ వేయిస్తే ఇంజిన్ మళ్లీ నిలబడుతుంది. ఈ ఇంజిన్ బుల్లెట్ 350లో 2023 దాకా కొనసాగింది, సామాన్లు దొరుకుతాయి. దొరకనివి వేరే. హెడ్‌లైట్ ప్రొజెక్టర్, మీటర్ బాక్సు, టెయిల్ ల్యాంపు, ట్యాంకు, సైడ్ ప్యానెళ్లు థండర్‌బర్డ్‌కి మాత్రమే సరిపోయేవి. మంచి కండిషన్‌లో ఎక్కడ కనబడినా ఒక జత కొని అటక మీద పడెయ్యి.

బ్యాటరీ సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు, నువ్వు తీసుకోకు. సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ని తిప్పేది ఒక స్ప్రాగ్ క్లచ్ ద్వారా. అది ఒకవైపే పట్టుకుంటుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు సెల్ఫ్ నొక్కితే పిస్టన్ కంప్రెషన్ దాటలేక వెనక్కి తంతుంది, ఆ దెబ్బ స్ప్రాగ్ క్లచ్ మీద పడుతుంది. అది పోతే కేసింగ్ విప్పాలి, ఖర్చు గట్టిగానే అవుతుంది. కాబట్టి సెల్ఫ్ మూలిగితే బటన్ వదిలేసి కిక్కు కొట్టు. ఒక మల్టీమీటర్ కొనుక్కో, పెద్ద ఖరీదేం కాదు. బండి ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. స్టార్ట్ చేసి కాస్త రేస్ ఇచ్చినప్పుడు 13.5కీ 14.5కీ మధ్య ఉండాలి. 15 దాటుతుంటే బ్యాటరీకి వెళ్లే కరెంటుని అదుపుచేసే రెగ్యులేటర్ పోయిందని అర్థం, కొత్త బ్యాటరీ వేయించినా అదీ ఉడికిపోతుంది.

పెట్రోల్లో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది. నీ బండి దాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైంది కాదు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరుని మెత్తబరుస్తుంది. కాబట్టి పెట్రోల్ పైపు ఇప్పుడే మార్పించు. కార్బొరేటర్‌లో పల్చటి రబ్బరు పొర ఉంటుంది, అది చిరిగితే బండి మెల్లగా బాగానే పోతుంది గానీ యాక్సిలరేటర్ ఎంత తిప్పినా పికప్ ఉండదు. రెండు మూడు వారాలు బండి తియ్యవని తెలిస్తే కార్బొరేటర్ గిన్నె కింద స్క్రూ వదులు చేసి పెట్రోల్ దించేసెయ్యి, ట్యాంకు నిండుగా ఉంచు. ఖాళీ ట్యాంకులోనే తుప్పు పుడుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే నాకు పట్టింపు ఉన్న విషయం. ఈ బండి మీద ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఆగవలసిన చోట ఆగితే చాలు.

టైర్లు గట్టిగా ఉన్నాయి, గీతలు లోతుగానే ఉన్నాయి అని రాశావు. గీతలు చూసి మోసపోకు. టైరు పక్క గోడ మీద గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి. 3518 అంటే 2018లో ముప్పై అయిదో వారంలో తయారైంది. అయిదారేళ్లు దాటిన రబ్బరు గట్టిపడిపోతుంది. ఎండ రోడ్డు మీద తెలియదు, తొలకరి చినుకులకి తెలుస్తుంది. ముందు 90/90-19, వెనక 120/80-18 సైజు. ఎవరో చెప్పారని లావు టైరు వేయించకు, మలుపుల్లో బండి తూకం మారిపోతుంది. నీవి స్పోకు చక్రాలు, ట్యూబు టైర్లు. టైరు మార్చినప్పుడల్లా ట్యూబూ, రిమ్ము లోపలి పట్టీ కొత్తవి వేయించు, స్పోకులు బిగించి రిమ్ము వంకర తీయించు.

బ్రేక్ ఆయిల్ రంగు చూడు. టీ డికాక్షన్‌లా ఉంటే ఇవాళే మార్పించు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ లాక్కుంటుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డిస్కు వేడికి ఆ నీరు ఆవిరై పైపులో బుడగలు కడుతుంది, పెడల్ నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది గానీ బండి ఆగదు. రెండేళ్లకోసారి మార్చి తీరాలి. ప్యాడ్లు మార్చినప్పుడు క్యాలిపర్ పిన్నులు తీసి తుడిచి గ్రీజు పెట్టమను. ఆ పని చెప్పకపోతే ఎవరూ చెయ్యరు.

కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, కూడా చూడాలి. డబుల్ స్టాండ్ వేసి ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పు. మధ్యలో ఎక్కడైనా పట్టుకుని ఆగినట్టు ఉంటే బాల్ రేసులు గుంటలు పడ్డాయన్నమాట. అలాంటి బండి నేరుగా వెళ్లాలన్నా మాట వినదు. ముందు షాక్ అబ్జార్బర్లలో ఉండే ఫోర్క్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అమ్మినతన్ని అడుగు. జవాబు రాకపోతే మార్చలేదని లెక్క. చెయిన్ 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఊగాలి. వెనక స్ప్రాకెట్ మీద చెయిన్‌ని వెనక్కి లాగి చూడు, పళ్ల నుంచి బాగా పైకి లేస్తే అయిపోయినట్టు. అప్పుడు చెయిన్ ఒక్కటే మార్చి డబ్బు మిగిల్చామనుకోవద్దు, రెండు స్ప్రాకెట్లూ కలిపి సెట్టు వేయించు.

ఒక నోటు పుస్తకం పెట్టుకో. తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చారు, ఎంతయింది, అంతే. నా పాత బండి పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. మెకానిక్ జ్ఞాపకం మీద ఆధారపడకు, ఆయన దగ్గరికి రోజూ పదిమంది వస్తారు. అలాగని మాటిమాటికీ మెకానిక్‌ని మార్చకు. నీ బండి శబ్దం తెలిసిన ఒక్క మనిషిని పట్టుకో, ఆయన పని చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడు, అడిగినంత ఇవ్వు. మంచి చేతికి బేరమాడితే మనకే నష్టం.

మారేడుమిల్లి దారి గురించి. సూర్యాపేట నుంచి ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం మీదుగా చింతూరు వచ్చి ఘాట్ ఎక్కు. భద్రాచలంలో రాత్రి పడుకో, పొద్దున్న ట్యాంకు నింపుకుని బయల్దేరు. దసరా నాటికి వానలు పూర్తిగా వెనక్కి తగ్గవు. చెట్ల నీడ పడే మలుపుల్లో ఆకులూ పాచీ ఉంటాయి. చీకట్లో ఆ ఘాట్ ఎక్కొద్దు, దిగొద్దు. దిగేటప్పుడు మూడో గేరులోనో రెండో గేరులోనో ఉంచి ఇంజిన్‌తోనే ఆపుకుంటూ రా. బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకు. హైవే మీద ఎనభై దాటకు. ఆ వేగంలో ఈ ఇంజిన్ రోజంతా పాడుతుంది, తొంభై దాటిందంటే అదురు మొదలవుతుంది. ఆ అదురుకి నట్లు వదులవుతాయి. రాత్రి బస చేసిన చోట సైలెన్సర్ బోల్టులు, ఇంజిన్ మౌంటింగులు, నంబర్ ప్లేటు, క్యారియర్ ఒకసారి పానా పెట్టి చూసుకో. బ్యాగులో రెండు ప్లగ్గులు, ముందు వెనక ట్యూబులు, క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, ఫ్యూజులు, చెయిన్ లింకు ఉండాలి. క్లచ్ వైరు తెగేది ఎప్పుడూ మెకానిక్ లేనిచోటే.

మీ అమ్మ అడిగిన దానికి వస్తాను. కొత్తది ఎప్పుడు కొనాలి?

ఛాసిస్‌లో పగుళ్లు కనిపిస్తే ఆలోచించొద్దు, ఆ రోజే ఆపెయ్యి. వెల్డింగ్ చేయించి దూరాలు తిరగొద్దు. బోరు చేయించాల్సి వచ్చిందన్న ఒక్క కారణంతో మాత్రం అమ్మకు. ఏడాది మరమ్మతుల మొత్తం నోటు పుస్తకంలో కూడి చూసుకో. అది కొత్త బండి ఏడాది కిస్తీల కంటే తక్కువగా ఉన్నంతకాలం ఈ బండి నీకు లాభమే.

డబ్బుకి అందని లెక్క ఇంకోటి ఉంది. నీ బండికి ఏబీఎస్ లేదు, అంటే బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు లేదు. మన దేశంలో 125 సీసీ పైబడిన బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు, నీది అంతకుముందుది. తడి రోడ్డు మీద గేదె అడ్డొచ్చినప్పుడు భయంతో బ్రేకు గట్టిగా పట్టేస్తాం, చక్రం బిగుసుకుపోతుంది, బండి జారుతుంది. ఎంత అనుభవం ఉన్నవాడి చెయ్యయినా ఆ క్షణంలో బిగుసుకుంటుంది. ఏబీఎస్‌ని పాత బండికి తగిలించలేం. నువ్వు ఒక్కడివే పగలు తిరిగినన్నాళ్లు దీనితో సరిపెట్టుకో. పెళ్లయి వెనక సీటులో మనిషిని కూర్చోబెట్టుకుని, వానల్లో కూడా దూరాలు తిరుగుతానంటే మాత్రం మార్చెయ్యి. ఈ మాటలో నేను బేరానికి రాను.

నేను పోయినేడు అదే కంపెనీ మీటియర్ 350కి మారింది కూడా ఇందుకే. నా నడుమూ తోడైంది. దాని ఇంజిన్‌లో అదురుని తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది, హ్యాండిల్‌లో ఆ అదురు రాదు. కూర్చునే తీరు థండర్‌బర్డ్‌కి దగ్గరగా ఉంటుంది, సీటు 765 మిల్లీమీటర్ల ఎత్తే. బరువు రెండింటికీ దాదాపు ఒకటే, 190 కిలోల చిల్లర. నువ్వు గతుకుల దారులు, కొండలు తిరగాలనుకుంటే హిమాలయన్ 450 నడిపి చూడు. దాని ఇంజిన్‌ని నీటితో చల్లబరుస్తారు, కానీ సీటు ఎత్తు. షోరూం చుట్టూ ఒక రౌండు కొట్టి నిర్ణయం తీసుకోకు. అలాంటి బండి ఉన్న స్నేహితుణ్ణి అడిగి ఒక పూట నడుపు.

అమ్మే రోజున నోటు పుస్తకం కూడా కొన్నవాళ్ల చేతిలో పెట్టు, మంచి ధర దానంతటదే వస్తుంది. బండి ఇచ్చిన తేదీ, సమయం కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. పద్నాలుగు రోజుల్లో ఆర్టీఏకి తెలియజెయ్యి. పేరు మారేదాకా చలానా వచ్చినా, ప్రమాదం జరిగినా పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది నీ దగ్గరికే.

అది ఇంకా కొన్నేళ్ల మాట. ప్రస్తుతానికి టైరు మీది నాలుగంకెలూ, బ్రేక్ ఆయిల్ రంగూ, మల్టీమీటర్ చూపించిన వోల్టులూ ఈ ఆదివారంలోగా నాకు చెప్పు. అవి విన్నాకే మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ మావయ్య