సఖి సెంటర్‌కి పోతే కేసు పెట్టినట్టేనా?

ప్రశ్న: అక్కా నమస్తే. పెళ్లై 11 ఏళ్లు, పాప నాలుగో తరగతి, బాబుకి నాలుగేళ్లు. మా ఆయన తాగొచ్చి కొడతాడు, ఖర్చులకి పైసా ఇవ్వడు. పోయిన నెల పిల్లల ముందే కొట్టాడు, అప్పట్నుంచి పాప రాత్రిళ్లు పక్క తడుపుతోంది, తలుపు చప్పుడైతే చాలు తమ్ముణ్ని పట్టుకుని మంచం కిందకి దూరుతోంది. అమ్మావాళ్లు సర్దుకో అంటారు. సఖి సెంటర్‌కి పొమ్మని ఒకామె చెప్పింది కానీ పోతే కేసైపోతుందని, ఇల్లు పోతుందని, పిల్లల చదువు ఆగిపోతుందని భయమేస్తోంది. – ఒక చెల్లెలు, కరీంనగర్ జిల్లా

జవాబు: చెల్లీ, సఖి అంటే హింస పడుతున్న ఆడవాళ్ల కోసం సర్కారు నడిపే సాయం కేంద్రం, అక్కడికి పోవడమంటే కేసు పెట్టడం కాదు. ముందు ఇది మనసులో పెట్టుకో. అక్కడ నీ మాట వింటారు, దెబ్బలుంటే ఆస్పత్రికి తీసుకెళ్తారు, లాయర్‌తో మాట్లాడిస్తారు, ఇంటికి పోలేని పరిస్థితైతే పిల్లలతో సహా ఐదు రోజుల దాకా ఉండనిస్తారు, అన్నీ ఫ్రీ. ఇంకా ఎక్కువ రోజులు ఉండాల్సొస్తే శక్తి సదన్‌కి, అంటే ఆడవాళ్లు ఉండే సర్కారు వసతికి పంపిస్తారు. కంప్లైంట్ రాయాలా వద్దా అనేది నీ ఇష్టం. సఖి ఎక్కడుందో తెలీకపోతే ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. మీ ఆయన ఫోన్ చూస్తాడనుకుంటే పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చెయ్యి.

ఇల్లు సంగతి. 2005 గృహహింస చట్టం ప్రకారం నువ్వు కాపురం చేస్తున్న ఇంట్లోంచి నిన్ను ఊరికే గెంటేయడానికి లేదు, ఇల్లు ఆయన పేరున ఉన్నా, అద్దెదైనా సరే. అత్తమామల పేరున్న ఇల్లైనా నీ హక్కు గురించి కోర్టు ఆలోచించాల్సిందేనని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఈ చట్టం కింద అడిగేది ఆయన్ని జైల్లో వెయ్యమని కాదు, కొట్టకుండా ఆర్డర్, ఖర్చులకి డబ్బు, పిల్లలు నీ దగ్గరే ఉండటం, ఇవి. ఆ ఆర్డర్ వచ్చాక కూడా దాన్ని లెక్కచెయ్యకపోతే అప్పుడు ఏడాది దాకా జైలు ఉంటుంది. ఈ చట్టం కింద సర్కారు పెట్టిన ప్రొటెక్షన్ ఆఫీసర్ జరిగిందంతా రిపోర్ట్ రాస్తుంది, అది రాయించుకో, రేపు పనికొస్తుంది. అమ్మగారింట్లో ఉంటే అక్కడి కోర్టులోనే కేసు వెయ్యొచ్చు. 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది కానీ చాలాసార్లు అంతకంటే ఎక్కువే పడుతుంది, అందుకే మొదటి వాయిదాకే తాత్కాలిక ఆర్డర్ అడగమని లాయర్‌కి చెప్పు. లాయర్‌కి డబ్బుల్లేవని ఆగకు, ఆడవాళ్లకి ఆదాయం ఎంతున్నా ఫ్రీగా లాయర్‌ని ఇస్తారు, 15100కి చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు మాట్లాడతారు.

ఇప్పుడు పాప. నాకు ఎక్కువ బాధేసింది అక్కడే. పక్క తడిపిందని కోప్పడకమ్మా, అది భయం, అలవాటు కాదు. క్లాస్ టీచర్‌కి ఒక్కమాట చెప్పి ఉంచు, సఖికి వెళ్లినప్పుడు పాపని కూడా కౌన్సిలర్‌తో మాట్లాడించు. నాన్న కొడుతుంటే అడ్డం రావొద్దు, తమ్ముణ్ని తీసుకుని ఫలానా ఆంటీ వాళ్లింటికి పరిగెత్తు, పోలీసుల కోసం 112కి ఫోన్ చెయ్యి అని ముందే నేర్పించు. చదువు ఆగదు, విద్యాహక్కు చట్టం కింద టీసీ లేటయిందని సర్కారు బడి అడ్మిషన్ ఆపకూడదు. ఆధార్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ ఒక కవర్లో పెట్టి నమ్మకమైన వాళ్లింట్లో ఉంచు. డాక్టర్ దగ్గర జారిపడ్డాను అని చెప్పకు, ఎవరు కొట్టారో చెప్పి చీటీలో రాయించుకో.

సర్దుకో అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్లైన ఆడవాళ్లలో నూటికి దాదాపు 37 మంది భర్త చేతిలో హింస చూశామన్నారు, ఇంతమందీ సర్దుకోవడం రానివాళ్లేనా?

ప్రశ్న: మేడమ్, మా పక్క పోర్షన్‌లో రోజూ ఆమెని కొడుతున్న చప్పుడు, పిల్లల ఏడుపు. మనకెందుకు, మన మీద కేసు పెడతారు అంటున్నారు మా వారు. – ఒక గృహిణి, విజయవాడ

జవాబు: పెట్టలేరండీ. హింస జరుగుతోందని నమ్మకం ఉంటే ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి చెప్పొచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని అదే 2005 చట్టంలో రాసుంది. మీరు 181కి చెయ్యండి, పిల్లల కోసమైతే 1098. కొడుతున్నప్పుడైతే 112. ఆమె భర్తతో మాత్రం గొడవకి దిగొద్దు, మీరు వెళ్లిపోయాక అదంతా ఆమె మీదే తీరుస్తాడు. చప్పుడు మొదలవగానే బెల్ కొట్టి పెరుగు తోడు కావాలని అడగండి, ఒక్కోసారి ఆపడానికి అంతే చాలు. ఆయన లేనప్పుడు ఆమెతో మాట్లాడి, పైన చెప్పిన కాగితాల కవర్ మీ బీరువాలో పెట్టుకుంటానని చెప్పండి.