రైతుల మాట వెనక్కి, ప్రకటన ముందుకు

ప్రశ్న: మిర్చి యార్డు ధరలు, నల్ల తామర పురుగు నివారణ గురించి మేము మాట్లాడుకునే ఆన్‌లైన్ వేదికలో ఇప్పుడు ప్రకటనలే ముందు కనిపిస్తున్నాయి. కారణమేమిటి? — ఒక రైతు, గుంటూరు

జవాబు: ఇటువంటి సంస్థలు తొలి ఏళ్లలో పెట్టుబడిదారుల సొమ్ముతో నడుస్తాయి, ఆ సొమ్ము అనేక రెట్లై తిరిగి రావాలని వారు ఆశిస్తారు కనుక, క్రమంగా సభ్యుల సౌకర్యంకన్నా రాబడి లెక్కే ముఖ్యమవుతుంది. సభ్యులు అంశాలవారీ బృందాలుగా చేరి చర్చించుకునే ఆన్‌లైన్ వేదిక, 2005లో మొదలైన రెడ్డిట్‌నే చూడండి. బయటి యాప్‌లు తన సమాచారాన్ని వాడుకోవడానికి 2023 జూలై నుంచి భారీ రుసుము విధిస్తామన్నప్పుడు, వేలాది బృందాలు జూన్‌లో తమ పుటలను మూసి నిరసన తెలిపినా సంస్థ వెనక్కు తగ్గలేదు. రెడ్డిట్‌ను చదవడానికి బయటివారు తయారుచేసిన అపోలో వంటి యాప్‌లు మూతపడ్డాయి. 2024 మార్చిలో రెడ్డిట్ వాటాలు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదయ్యాయి. జీతం లేకుండా ఆ బృందాలను ఏళ్ల తరబడి కాపాడినవారికి ఇది అన్యాయమే. మీ రైతుల అనుభవాలను మాత్రం ఇప్పుడే వేరొకచోట నకలు తీసి భద్రపరచండి.