పళ్ల సందుకు రబ్బరు బ్యాండు వేయకండి

ప్రశ్న: మా బాబుకు 9 ఏళ్లు. నోరు మూసినప్పుడు పై ముందు పళ్లు కింది పళ్ల వెనక్కి పోతున్నాయి. పాలపళ్లన్నీ ఊడాక చూద్దామని ఇంట్లో పెద్దలు అంటున్నారు. పై ముందు పళ్ల మధ్య సందు కూడా ఉండటంతో, వీడియో చూసి పది రోజులుగా రాత్రిపూట ఆ రెండు పళ్లకూ కలిపి చిన్న రబ్బరు బ్యాండు వేస్తున్నాను. క్లిప్పులు మంచివా, కనబడకుండా పళ్లకు తొడిగే అలైనర్లు మంచివా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, క్లిప్పులా అలైనర్లా అన్నది తరవాతి మాట, ముందు ఆ రబ్బరు బ్యాండును ఈ రోజే మానేయండి. పంటి వేరు కొసకు వెళ్లేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, పళ్ల చుట్టూ వేసిన బ్యాండు మెల్లగా చిగుళ్లలోకి జారి, వేరు వెంట పైకి పాకుతూ, పంటిని పట్టి ఉంచే ఎముకను కరిగించగలదు. అలా లోపలికి పోయిన బ్యాండు ఎక్స్‌రేలో కూడా సాధారణంగా కనబడదు. పుచ్చు లేని, దెబ్బ తగలని శాశ్వత దంతాలు ఈ ఒక్క కారణంతో కదిలి ఊడిపోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో పలుమార్లు నమోదయ్యాయి. తెల్లవారేసరికి బ్యాండు కనబడని రోజు ఒక్కటి ఉన్నా, నిద్రలో మింగేశాడని సరిపెట్టుకోకండి. చిగురు వాచినా, రక్తం వచ్చినా, పన్ను కదిలినా, మునుపటికంటే పొడవుగా అనిపించినా ఆలస్యం చేయకుండా దంతవైద్యులకు చూపించి, బ్యాండు సంగతి దాచకుండా చెప్పండి.

నిజానికి ఈ వయసులో ఆ సందు చాలామంది పిల్లల్లో సహజమే. 11–12 ఏళ్లకు కోరపళ్లు వచ్చేటప్పుడు చిన్న సందులు చాలావరకు వాటంతట అవే పూడుకుంటాయి. ఆగవలసిన దానికి మీరు తొందరపడి, ఆగకూడని దాన్ని వాయిదా వేస్తున్నారు.

పై ముందు పళ్లు కింది పళ్లకు 2–3 మిల్లీమీటర్లు ముందుండి, వాటిని దాదాపు మూడో వంతు కప్పితే అది సరైన కలయిక. బాబుకు ఇది తారుమారైంది. దీన్ని క్రాస్‌బైట్ అంటాం. వదిలేస్తే పళ్లు అరగడం, కింది పంటి చిగురు కిందికి జారడం, దవడ ఒక పక్కకు లేదా ముందుకు జరిగి మూసుకోవడం అలవాటు కావడం జరగవచ్చు. ఒకటి రెండు పళ్లు మాత్రమే వెనక్కి వాలి ఉంటే, తీసి పెట్టుకునే స్ప్రింగు ప్లేటుతో సాధారణంగా కొన్ని నెలల్లోనే ముందుకు తేవచ్చు. పై దవడ ఎదుగుదలే వెనకబడి ఉంటే, పై దవడను ముందుకు లాగేందుకు ముఖానికి తొడిగే పరికరం, ఫేస్ మాస్క్, అవసరం కావచ్చు. అది పదేళ్లలోపు బాగా పనిచేస్తుంది, ఎదుగుదల ముగిశాక తీవ్రమైన తేడాలకు తరచుగా శస్త్రచికిత్సే మిగులుతుంది. పాలపళ్లన్నీ ఊడేదాకా ఆగితే ఈ అవకాశం చేజారవచ్చు. అసలు ఏడేళ్లకే ఒకసారి ఆర్థోడాంటిస్టుకు, అంటే పళ్ల వరసను సరిచేసే దంతవైద్య నిపుణులకు, చూపించడం మంచిది.

బాబును చూడకుండా ఏ చికిత్స అవసరమో నేను చెప్పలేను. ఈ వారంలోనే ఆర్థోడాంటిస్టును కలవండి. పక్క నుంచి తీసే ఎక్స్‌రే చూసి, లోపం పళ్లదా దవడదా అన్నది వారు తేలుస్తారు. మీ ఇరువైపుల కుటుంబాల్లో ఎవరికైనా కింది దవడ ముందుకు ఉంటే ఆ విషయమూ చెప్పండి. ఈలోగా ఆన్‌లైన్‌లో అలైనర్లు మాత్రం తెప్పించకండి.