రెండు పెన్సిల్ సెల్స్ రేడియోకి ఇంట్లోనే 3 వోల్టుల సప్లై

మీ నాన్నగారి పాకెట్ రేడియోకి మాటిమాటికీ సెల్స్ కొనలేకపోతున్నామని, ఫోన్ ఛార్జర్ నుంచే 3 వోల్టులు తీసి ఇవ్వొచ్చా అని అడిగారు. ఇవ్వొచ్చు. కానీ ఆయన మీడియం వేవ్ వింటారంటే నేనైతే వద్దంటాను. ఛార్జర్ లోపల కరెంటు సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంటుంది, ఆ గోలంతా రేడియోలోకి వచ్చేస్తుంది. మా అమ్మ రేడియోకి ఛార్జర్ తగిలిస్తే 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ వార్తల కంటే గరగరే ఎక్కువ వినిపించేది. ఎఫ్ఎం ఒక్కటే అయితే అంత ఇబ్బంది ఉండదు.

అందుకే పాత పద్ధతిలో ట్రాన్స్‌ఫార్మర్, ఎల్ఎం317 (వోల్టేజీని ఒకేలా నిలిపే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఐసీ) పెట్టి కట్టాను. 6-0-6 వోల్టుల, 500 మిల్లీఆంప్స్ ట్రాన్స్‌ఫార్మర్ చాలు. మధ్య వైరు గ్రౌండ్. పక్క వైర్లు రెండూ ఒక్కో 1ఎన్4007 డయోడ్ గుండా 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ ప్లస్‌కి వెళ్తాయి. అక్కడ సుమారు 8 వోల్టులు ఉంటాయి, లోడ్ లేకపోతే ఇంకాస్త ఎక్కువే. సెల్స్ బదులు వాడే చవక ఎలిమినేటర్లు (అడాప్టర్లు) చాలావాటిలో పని ఇంతటితో సరి, రెగ్యులేటర్ ఉండదు. పైన 3 అని రాసి ఉన్నా మీటర్ పెడితే ఎక్కువ చూపించేది అందుకే.

ఎల్ఎం317 తన అవుట్‌పుట్ కాలుకీ అడ్జస్ట్ కాలుకీ మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులే ఉండేలా చూసుకుంటుంది. ఆ రెండిటి మధ్య 220 ఓమ్స్, అడ్జస్ట్ నుంచి గ్రౌండ్‌కి 330 ఓమ్స్ పెట్టండి. 1.25 × (1 + 330/220), అంటే 3.1 వోల్టులు. సర్క్యూట్లలో 240 అని వేస్తారు గానీ కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా, మీ ఊళ్లో అడిగినా సులువుగా దొరికేది 220. కొత్త సెల్స్ జత కూడా 3.2 దాకా ఇస్తుంది కాబట్టి భయం లేదు. అక్షరాలు మీవైపు ఉంటే ఎడమ నుంచి అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. 7805 (5 వోల్టుల రెగ్యులేటర్ ఐసీ) కట్టిన అలవాటులో ఎడమ కాలే ఇన్‌పుట్ అనుకోకండి. వెనక రేకు కూడా అవుట్‌పుటే, దాన్ని గ్రౌండ్‌కి తగలనివ్వద్దు. ఇన్‌పుట్ దగ్గర 0.1, అవుట్‌పుట్ దగ్గర 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు వేయండి. రేడియో 50 మిల్లీఆంప్స్ లాగినా ఐసీలో వేడి పావు వాటే, హీట్ సింక్ అక్కర్లేదు.

ఇంత చేశాక కూడా స్టేషన్ పట్టినప్పుడు మాత్రమే జుమ్మని హమ్ వస్తుంటే ఫిల్టర్ కెపాసిటర్ పెంచుకుంటూ పోకండి, అది తగ్గదు. ఒక్కో డయోడ్ రెండు కాళ్ల మధ్య 0.01 మైక్రోఫారడ్, 100 వోల్టుల డిస్క్ కెపాసిటర్ వేయండి. మా ఇంట్లో దాంతోనే పోయింది.

230 వోల్టుల వైపు ఫ్యూజు పెట్టి, జాయింట్లకు స్లీవ్ తొడిగి, అంతా ప్లాస్టిక్ డబ్బాలో బిగించండి. రేడియోకి కలిపే ముందు మీటర్‌తో 3.1 చూసుకోండి. సాకెట్ మధ్య పిన్ను ప్లస్సో మైనస్సో పక్కనే గుర్తు ఉంటుంది, అన్ని రేడియోలకీ ఒకేలా ఉండదు. సాకెట్ లేక నేరుగా సెల్స్ స్ప్రింగులకే వైర్లు కలిపితే మాత్రం సెల్స్ తీసేయండి, లేదంటే వాటిలోకి ఎదురు కరెంటు వెళ్లి కారిపోతాయి.