లెక్కల మాస్టారి ఆటల పేజీ: అంతా హారంలోనే ఉంది

ప్రశ్న: మా మనవడు డాలస్‌లో ఉంటాడు. బేస్‌బాల్‌లో ‘మూడు వందలు’ కొట్టినవాడు మొనగాడంటాడు. తీరా చూస్తే అది సున్నా పాయింటు మూడేనట! పదింట ఏడుసార్లు తప్పినవాడు మొనగాడెలా అవుతాడు? బ్యాటింగ్ సగటుల పట్టికలో మొదటివాడిని ఎలా తేలుస్తారు?
— ఒక తాతగారు, తెనాలి

జవాబు: తాతగారూ, ముందు క్రికెట్ సగటును మరిచిపోండి. ఇక్కడ లవంలో పరుగులు ఉండవు, హిట్లు ఉంటాయి; అంటే బంతిని కొట్టి, అవుటవకుండా బేసుకు (పరుగు దారిలోని మజిలీకి) చేరిన సార్లు. హారంలో బ్యాటు పట్టి నిలిచిన సార్లు. బంతి వేసే పిచర్ నాలుగు చెడ్డ బంతులేసి ఊరికే బేస్ ఇచ్చేస్తే, ఆ సారి హారంలోకి రాదు. గుండ్రటి బ్యాటుతో, రెండు గీతల మధ్యే, తొమ్మిదిమంది కాచుకున్న చోట కొట్టాలి. అలా పదింట మూడు సాధించినవాడికి నేనైతే ఫస్టుక్లాసు ఇస్తాను.

మరి పదిసార్లే ఆడి అయిదు కొట్టినవాడు మొదటివాడా? అందుకే ఒక అడ్డుకట్ట ఉంది. జట్టు ఆడే ఒక్కో ఆటకు 3.1 చొప్పున, 162 ఆటలకు 502 సార్లు క్రీజులోకి రావాలి. ఊరికే వచ్చిన బేసులు ఈ లెక్కలోకి వస్తాయి. 1996లో శాన్ డియాగో ఆటగాడు టోనీ గ్విన్‌కు గాయాల వల్ల 498 దగ్గరే సీజన్ ముగిసింది. సగటు .353. నాలుగు తక్కువ! అప్పుడు నియమం ప్రకారం ఆడని ఆ నాలుగు సార్లూ విఫలమయ్యాడనుకుని హారంలో కలిపారు. ఊరికే వచ్చిన బేసుల్లాంటివి పోగా హారంలో మిగిలిన 451 కాస్తా 455 అయింది, సగటు .349కి దిగింది. అయినా అతని లీగులో రెండో స్థానంలోని ఎల్లిస్ బర్క్స్‌ది .344 మాత్రమే. కిరీటం గ్విన్‌దే. ఇంత నిక్కచ్చి నియమం ఇంకే ఆటలోనూ నాకు కనబడలేదు.

ప్రశ్న: 1941లో టెడ్ విలియమ్స్ తర్వాత ‘నాలుగు వందలు’ ఎవరూ దాటలేదని చదివాను. నిజమేనా?
— ఒక డిగ్రీ విద్యార్థిని, విజయవాడ

జవాబు: అమెరికాలోని పెద్ద లీగులు రెండింటి (నేషనల్, అమెరికన్) వరకే నిజం. ఆ ఏడాది సెప్టెంబరు 28 ఉదయానికి ఈ బోస్టన్ కుర్రాడివి 448 సార్లకు 179 హిట్లు. భాగించి చూడమ్మా, .39955 వస్తుంది. మూడు స్థానాలకు సవరిస్తే .400. మేనేజరు జో క్రోనిన్ కావాలంటే ఆడకుండా కూర్చోమన్నాడు. ఇరవై మూడేళ్లవాడు ఒప్పుకోలేదు. ఫిలడెల్ఫియాలో ఆ రోజు జరిగిన రెండు ఆటలూ ఆడి, ఎనిమిదింట ఆరు కొట్టి, .406తో ముగించాడు. గాలిలోకి కొట్టి తాను అవుటై సహచరుడికి పరుగు తెచ్చిపెడితే, ఆ సారిని ఇప్పుడు హారంలో కలపరు. ఆ ఏడాది కలిపారు!

ఇక ఆ ‘ఎవరూ’ అన్న మాట. నల్లజాతి ఆటగాళ్ల లీగుల లెక్కలను 2024లో అధికారిక రికార్డుల్లో చేర్చారు. దాంతో 1943లో జాష్ గిబ్సన్ సాధించిన .466 సీజన్ రికార్డయింది. ఆ లీగుల్లో ఆటలు తక్కువ, హారం చిన్నదని గొణిగేవారున్నారు. రంగు చూసి పెద్ద లీగు గేటు మూసినవాళ్లే, తర్వాత తక్కువ ఆడాడని మార్కులు కోస్తారా? నా పట్టికలో గిబ్సన్ పేరే పైన రాశాను.